నాలుగవ గోలు

ప్రధానోపాధ్యాయ పదవినుండి విరమించిన మఱుసటి యేడు నేను అమెరికాలోని మా కుమారునియొద్ద మూడు నెలలు గడపితిని. అతడుండునది బోస్టను నగర ప్రాంతము. ప్రతిదినము ఉదయమున అతని కారులో కొంతదూరము పోయి గ్రంథాలయమువద్ద దిగుట నాకు అలవాటయ్యెను. కారులో రేడియో మ్రోగుచునే యుండును. అందు పాటలు లేవు. ఇద్దఱు ముగ్గురు కూర్చుండి ముందునాటి ఆటనుగూర్చి వాదించుకొనుచుందురు. వినువారు టెలిఫోనులో పిలిచి ఆ వాదములో చేరుదురు. తెల్లవాఱినది మొదలు అర్ధరాత్రి వఱకు ఇదియే వరుస. మావాడు మీట నొక్కగానే మఱియొక కేంద్రము వచ్చెడిది. అక్కడను ఆ ఆటయే, అట్టి వాదమే. గొంతులు మాత్రము వేఱు.

"ఒక్క ఊరికి ఇటువంటివి రెండెందుకురా?" అని నేనడిగితిని.

"పోటీ నాన్నగారూ!" అని మావాడు నవ్వెను.

పిమ్మట నేను గ్రంథాలయములో ఆ పోటీ చరిత్రను కొంత తెలిసికొంటిని. దినమంతయు ఆటలనుగూర్చియే మాటలాడు రేడియో కేంద్రము 1987 జూలై 1న న్యూయార్కు నగరమున డబ్ల్యు.ఎఫ్.ఎ.ఎన్. అను పేర మొదలయ్యెను. అది ఏ.ఎం. కేంద్రము. బోస్టనులో డబ్ల్యు.ఇ.ఇ.ఐ. అను ఏ.ఎం. కేంద్రము ఈ విషయమున చాలకాలము పెద్దపేరు గడించి యుండెను. 2009 ఆగస్టులో స్పోర్ట్స్ హబ్ అను క్రొత్త కేంద్రము ఎఫ్.ఎం. తరంగములపై వెలసి, తేటయైన ధ్వనితో దానికి ఎదురునిలిచెను. 2011లో పాతకేంద్రము కూడ ఎఫ్.ఎం. త్రోవ పట్టెను. న్యూయార్కు కేంద్రము సైతము 2012లో ఎఫ్.ఎం. పై వినవచ్చుటకు ఆరంభించెను.

ఈ సంగతులు చదువుచుండగా నాకు నవ్వును, వెంటనే దుఃఖమును కలిగినవి. అట్టి పోటీ నాకు క్రొత్తది కాదు. 1975లోనే నేనట్టి పోటీని చూచితిని. చూచుటయే కాదు, అందొక పక్షము నేనే.

మాది కృష్ణాజిల్లా దివిసీమలోని పాలకాయతిప్ప. కృష్ణానది సముద్రమున గలియు హంసలదీవికి చేరువనున్న పల్లె. అచట నేల ముగిసి నీరు మొదలగును. మా తండ్రిగారు ఆ పల్లె ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. పల్లెవారిలో పెక్కుమంది చేపలవేటపై జీవించువారు. ఆ దినములలో వార్తాపత్రిక మాకు ఆలస్యముగా చేరెడిది. టెలివిజను మాట మేమెఱుగము. లోకపు సంగతులు మాకు తెలియుటకు త్రోవ ఒక్కటే, అది రేడియో. ఆ రేడియోకు సైతము తపాలా కార్యాలయములో ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెను. కావున అది ఇంటింట నుండెడిది కాదు.

విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. దాని ఏ.ఎం. ప్రసారము పగలు నేలవెంట ప్రాకుచు మా తీరము వఱకు చక్కగా వచ్చెడిది. ఏ.ఎం. తరంగములకు మఱియొక గుణము కలదు. రాత్రివేళ అవి ఆకాశమున చాల ఎత్తుననున్న విద్యుత్కణముల పొరను తాకి మరల భూమికి దిగివచ్చును. అందుచేత చీకటిపడిన పిమ్మట ముల్లు కొంచెము జరిపినచో దూరదూరపు కేంద్రములు ఒకదానిపై నొకటి పడి వినిపించెడివి. పొట్టి తరంగములపై కొలంబోనుండి సిలోను రేడియో తెలుగు సినిమా పాటలను వినిపించెడిది.

మా పల్లెలో రెండు టీకొట్లు ఉండెడివి. ఒకటి రేవు కొట్టు, రెండవది చెఱువుగట్టు కొట్టు. రెండింటను బ్యాటరీలతో పలుకు ట్రాన్సిస్టర్లు కలవు. రేవు కొట్టులో విజయవాడ పెట్టినచో చెఱువుగట్టు కొట్టులో సిలోను పెట్టెడివారు. ఎక్కడ రేడియో బాగుగ పలికిన అక్కడనే జనము చేరుదురు. ఎక్కడ జనము చేరిన అక్కడనే టీ అమ్ముడగును. ఏ కేంద్రమును ఎంతమంది వినుచున్నారో అమెరికాలో లెక్కలు కట్టి చూతురని మావాడు చెప్పెను. మా పల్లెలో ఆ లెక్క సాయంకాలము కడిగిన గ్లాసులే చెప్పెడివి.

ఆటల వ్యాఖ్యానములు వచ్చినప్పుడు ఈ పోటీ మఱింత ముదిరెడిది. మనదేశమున రేడియోలో క్రికెట్టు వ్యాఖ్యానమును 1934లో బొంబాయిలో తల్యార్‌ఖాన్ అను నతడు ఆరంభించెను. విజ్జీ యని పేరుగాంచిన విజయనగర రాజకుమారుడు 1936లో ఇంగ్లండున భారతజట్టుకు నాయకత్వము వహించి, తరువాతి కాలమున వ్యాఖ్యాతగా కూడ పలికెను. అయినను మా కాలమున పెద్ద ఆటల వ్యాఖ్యానము ఇంగ్లీషులోనో హిందీలోనో వచ్చెడిది. మా పల్లెలో ఆ భాషలు తెలిసినవారు అరుదు. నేనప్పుడు ఉన్నతపాఠశాలలో చదువుచు హిందీ ప్రచారసభవారి పరీక్షలు కూడ వ్రాయుచుంటిని. రేవు కొట్టు యజమాని నన్ను పిలిచి, "బాబూ, ఆట వస్తున్నప్పుడు పెట్టె పక్కన కూర్చుని మావాళ్లకు తెలుగులో చెప్పు. టీ, పునుగులు నీకు ఊరకే ఇస్తాను" అనెను. వారము తిరుగకముందే చెఱువుగట్టు కొట్టువారు నా సహాధ్యాయిని ఒకనిని తెచ్చి తమ రేడియో ప్రక్క కూర్చుండబెట్టిరి.

అతడు నాకు ప్రాణమిత్రుడు. నాకంటె హిందీ తక్కువగా వచ్చును గాని, కంఠము మాత్రము గంటవలె మ్రోగెడిది. మొదట ఇద్దఱమును విన్నది విన్నట్లే చెప్పితిమి. పిమ్మట అతడు బంతి దూరముగా పోయినను "అబ్బా! వెంట్రుకవాసిలో తప్పింది!" అని కేకవేయుట మొదలుపెట్టెను. నా కొట్టునుండి నలుగురు లేచి అటు పోయిరి. మఱునాడు నేనును కేకలు వేసితిని. ఈ రీతిగా మా మాటలకు ఉప్పుకారములు దినదినము హెచ్చుచుండెను.

1975 మార్చి 15 వచ్చెను. కౌలాలంపూరులో ప్రపంచకప్పు హాకీ తుదిపోటీ. మనకును పాకిస్థానుకును ఆట. అంతకుముందు మలేసియాతో జరిగిన ఆటలో ఓటమి అంచునుండగా అస్లమ్ షేర్‌ఖాన్ గోలు కొట్టి మనలను కాపాడిన సంగతి పల్లెలో అందఱకు తెలియును. ఆకాశవాణిలో జస్‌దేవ్ సింగ్ హిందీ వ్యాఖ్యానము. ఆయన కంఠము పరుగెత్తుచున్న ఆటగానితోపాటు పరుగెత్తెడిది. రెండు కొట్లవద్దను ఇసుక వేసిన రాలనంత జనము.

మొదటి సగములోనే పాకిస్థాను ఒక గోలు చేసెను. విరామమునకు మనము వెనుకబడియుంటిమి. నా యెదుటనున్నవారి ముఖములు వాడిపోయినవి. అంతలో చెఱువుగట్టు వైపునుండి పెద్దకేక వినవచ్చెను. "సమానమైందంట! మనవాళ్లు గోలు కొట్టారంట!" అనుచు మా కొట్టువారిలో సగమంది లేచి అటు పరుగెత్తిరి. పెట్టెలో గోలు మాట లేదు. నా మిత్రుడు దానిని కల్పించెనని నాకు తెలియును. అయినను ఖాళీయైన బల్లలను, యజమాని ముఖమును చూచి నిలువలేకపోతిని. "గోలు! ఇక్కడా గోలే!" అని నేనును అరచితిని. జనము మరల వచ్చెను.

రెండవ సగములో సుర్జీత్ సింగ్ నిజముగనే గోలు చేసెను. దానిని నేను రెండవ గోలని చెప్పవలసివచ్చెను. తరువాత ధ్యాన్‌చందు కుమారుడైన అశోక్ కుమార్ కొట్టిన బంతి గోలుస్తంభపు మూలను తాకి వెలుపలికి వచ్చెను. గోలేయని తీర్పరి నిర్ణయించెను, కాదని పాకిస్థానువారు వాదించిరి, నిర్ణయము మాఱలేదు. అది మనకు రెండవ గోలు, విజయము చేకూర్చిన గోలు. నా లెక్కలో మూడవది. అదే సమయమున చెఱువుగట్టునుండి "నాలుగో గోలు!" అను కేక మిన్నుముట్టెను. ఆటను కన్నులార చూచినవారు కౌలాలంపూరులో ఒక్క గోలునుగూర్చి వాదులాడుకొనుచుండగా, ఏమియు చూడని మేము పాలకాయతిప్పలో ఒకరొకటి, ఒకరు రెండు గోలులను ఊరక చేర్చితిమి.

ఆ రాత్రి తెలుగు వార్తలలో భారతదేశము రెండు గోలులతో, పాకిస్థాను ఒక గోలుతో ఆటను ముగించినట్లు చెప్పిరి. మఱునాడు రేవులో వలలు బాగుచేసికొనుచున్న ముసలి తాత యొకడు నన్ను చేయి యూపి పిలిచెను. ఆయన మాట పల్లెలో చెల్లెడిది. సముద్రముపై అరువదేండ్లు గడపినవాడు.

"పంతులుగారబ్బాయీ, వార్తల్లో రెండే అన్నారు. నువ్వు మూడన్నావు. ఆ కొట్టుకాడ నాలుగంట. తతిమ్మావి ఎవరు కొట్టారయ్యా?"

నేను తలవంచుకొంటిని.

"కోపం కాదులే. ఆటలో ఒకటి ఎక్కువ చెబితే ఎవరి పొయ్యీ ఆరదు. కానీ నేను ఆ పెట్టె ఎందుకు వింటానో తెలుసునా? మెరుపులుంటే దాంట్లో గరగరమంటుంది. ఆ గరగర ఏ పొద్దున ఎక్కువైతే ఆ పొద్దున పడవ దించను. ఇంక గాలివాన కబురు చెబుతారు. ఆ తెలుగు మాకు సగమే అర్థమవుతుంది. ఊరందరూ పెట్టెకాడికి రాలేరు. విన్నవాడు పోయి చెబితేనే విననివాడికి తెలిసేది. నీ నోట ఒకసారి అబద్ధం వచ్చిందనుకో, రేపు నిజం చెప్పినా, ‘పెట్టె అంటున్నదా, వీడంటున్నాడా’ అని చూస్తారు."

ఆ మాట నా హృదయమున నాటుకొనెను. ఆ సాయంకాలమే నేను మిత్రునియొద్దకు పోయి సంగతి చెప్పితిని. అతడు మొదట నవ్వెను, పిదప నవ్వలేదు. ఇద్దఱమును ఒక నియమము చేసికొంటిమి. రేడియో చెప్పినదానికి ముందు "పెట్టె అంటున్నది" అనవలెను. మా ఊహను చెప్పునపుడు "నేననుకొంటున్నాను" అనవలెను. అట్లు చెప్పుటచేత మా మాటలలో కారము తగ్గెను. కొన్ని గ్లాసులు తగ్గినవి కూడ. కాని "నాలుగవ గోలు" అనునది మా పల్లెలో సామెతయై నిలిచిపోయెను. ఎవడైన కోతలు కోసినచో, "ఇదీ నాలుగో గోలేనా?" అని నవ్వెడివారు.

1977 నవంబరులో నేను మచిలీపట్నములో చదువుచుంటిని. ఆ వారము ఇంటికి వచ్చియుంటిని. నవంబరు 19 ఉదయమునకే గాలి మాఱెను. రేవు కొట్టులో రేడియో గరగర హద్దుమీఱెను. ఆ గరగరలోనుండియే తుపాను హెచ్చరిక వినవచ్చెను. నేను తాతయొద్దకు పరుగెత్తి చెప్పితిని. ఆయన నా కన్నులలోనికి చూచి ఒక్కటే యడిగెను.

"పెట్టె అంటున్నదా, నువ్వంటున్నావా?"

"పెట్టె అంటున్నది తాతా."

ఆయన మాఱుమాట పలుకలేదు. వల నచటనే విడిచి లేచి, రేవువారిని కేకవేసెను. మా తల్లిదండ్రులును, ఆ ముప్పది కుటుంబములును పిల్లాపాపలతో కోడూరు దారిననున్న ఒక మిద్దెయింటికి బయలుదేఱిరి.

నేను చెఱువుగట్టుకు పోయితిని. నా మిత్రుడు అప్పటికే రేడియో విని, కొట్టువద్దనున్నవారికి చెప్పుచుండెను. బెంచీపైనున్న ఒకడు నవ్వుచు, "ఇది నీ నాలుగో గోలు కాదు కదా!" అనెను. అందఱును నవ్విరి. వారు కదలకుండుటకు ఆ హాస్యమే కారణమని నేననను. గాలివాన కబురులు ఏటేట వచ్చునవే. ఇల్లు, గొడ్డు, వల విడిచి పోవుట ఎవరికిని సులభము కాదు. అయినను ఆ నవ్వు నేను నా చెవులార వింటిని. నా మిత్రుని ముఖము పాలిపోవుట నా కన్నులార చూచితిని. "నువ్వు పద. వీళ్లను లేపుకొని వస్తాను" అని అతడు నన్ను త్రోసి, ఇల్లిల్లు తిరుగుటకు వర్షములోనికి దుమికెను.

సముద్రము తాటిచెట్టంత యెత్తున లేచివచ్చెనని బ్రదికినవారు చెప్పుదురు. మిద్దెపై నుండి నేను చూచినది చీకటి మాత్రమే. విన్నది హోరు మాత్రమే. ఉప్పెనకు ముందు నా మిత్రుడు పంపగా పదునొకండుగురు మాయొద్దకు చేరిరి. అతడు రాలేదు. తెల్లవాఱి చూడగా చెఱువుగట్టు కొట్టున్న చోట బురద మాత్రమే యుండెను. ఆ తుపాను కృష్ణా, గుంటూరు తీరములందు పదివేలకు పైబడిన ప్రాణములను గొనిపోయినది. లెక్కలో అతడు ఒక్కడు. నాకు మాత్రము లెక్కకు అందనివాడు. మొదటి అబద్ధము అతనిదే కావచ్చును. కాని నా యెదుటి బల్లలు నింపుకొనుటకు నేనును అరచితిని. ఆ సామెతలో నా మూడవ గోలు కూడ దాగియున్నది.

అందుచేతనే బోస్టనులో ఆ రేడియోలను వినినప్పుడు నాకు దుఃఖము కలిగినది. ఆ పోటీ చెడ్డదని నేననను. ఎదుటివాడు లేనిచో ఎవడును తన గొంతు సవరించుకొనడు. రెండు కొట్లున్నందుననే మా పల్లెకు ఆటలు తెలుగులో వినవచ్చినవి. అమెరికాలోని ఆ వ్యాఖ్యాతలలో కొందఱు ఆటను ఎంత లోతుగ నెఱుగుదురో చూచి నేను ఆశ్చర్యపడితిని. కాని మఱికొందఱు తమ ఊహను, జరిగినదానిని ఒకే గొంతుతో చెప్పుచుండిరి. "నీకే కేంద్రము నచ్చినది నాన్నగారూ?" అని మావాడు అడిగెను. "ఇది జరిగినది, ఇది నేననుకొనుచున్నది అని వేఱుచేసి చెప్పువాడే కేంద్రమున నున్న అదియే" అంటిని.

ఏ.ఎం., ఎఫ్.ఎం.ల భేదము కూడ నాకు అచటనే మనసునకు పట్టినది. ఏ.ఎం. లో తరంగపు ఎత్తు ధ్వనిననుసరించి హెచ్చుతగ్గులగును. మెఱుపు పుట్టించు అలజడి కూడ ఆ యెత్తుపైననే దెబ్బతీయును, కావున గరగర. ఎఫ్.ఎం. లో ఎత్తు మాఱదు. తరంగముల పౌనఃపున్యము మాఱును. అందుచేత ధ్వని తేటగానుండును. కాని అది సూటిగా పోవును గనుక దూరము పోజాలదు. మనదేశమున ఎఫ్.ఎం. ప్రసారము 1977 జూలై 23న మద్రాసులో మొదలైనది. అనగా మా ఉప్పెనకు నాలుగు నెలల ముందు. నేడు విజయవాడలో ఆకాశవాణి ఎఫ్.ఎం. తోపాటు ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములును కలవు. ప్రభుత్వము 2011లో ప్రకటించిన విధానమునుబట్టి ప్రైవేటు కేంద్రములు ఆటల సమాచారమును చెప్పవచ్చును. స్థానికమైన ఆటలకు మాత్రమే ప్రత్యక్ష వ్యాఖ్యానము చేయవచ్చును. ప్రకృతి వైపరీత్యములందు స్థానికాధికారులిచ్చు ప్రకటనలను కూడ ప్రసారము చేయవచ్చును. ఆ రెండును ఒకే అనుమతిలో పక్కపక్కన నుండుట నాకు సముచితముగ తోచినది. ఆట చెప్పు గొంతే ఆపదను కూడ చెప్పవలసి యుండును.

బోస్టనునుండి తిరిగివచ్చి పల్లెకు పోవునపుడు కారులో విజయవాడ ఎఫ్.ఎం. వినుచుంటిని. అవనిగడ్డ దాటి కొంతదూరము పోగానే అది సన్నగిల్లి ఆగిపోయెను. నేను ఏ.ఎం. కు మాఱితిని. దూరమున ఎక్కడనో మబ్బు క్రమ్మినది కాబోలు, గరగర వినవచ్చెను. మావాడు కారులో నుండినచో దానిని ఆపుమనెడివాడు. నేను దానిని పాలకాయతిప్ప చేరువఱకు వినుచునే పోయితిని.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు మైకుముందు కూర్చుందురు. మీ ఊరి కబడ్డీ పోటీనో పడవ పందెమునో కన్నులకు కట్టునట్లు చెప్పుదురు. బాగుగ చెప్పుడు, ఎదుటివానికంటె మిన్నగ చెప్పుటకు పోటీపడుడు. కాని మైదానమును చూడజాలనివాడు మీ నోటితోనే చూచునని మఱువకుడు. నోరు తెఱచుటకు ముందు, రేవున వల బాగుచేసికొనుచున్న ఒక ముసలితాత మీ యెదుట నిలిచి, "పెట్టె అంటున్నదా, నువ్వంటున్నావా?" అని అడిగినట్లు భావింపుడు.